విడివిడిగా నాలుగక్షరాలు

గుమాస్తా కాగితాన్ని కిటికీ కిందనుంచి వెనక్కి తోశాడు.

"ఇది సంతకం కాదమ్మా. పేరు రాశావు."

మనవరాలు కాగితం వంక చూసింది. తర్వాత గుమాస్తా వంక చూసింది.

"నా పేరే కదండీ."

"పేరే. నేననేదీ అదే. సంతకమంటే కలిపి ఉండాలి. ఇదేమిటి, ఇటుకలు పేర్చినట్టు దేనికది? ఇలాంటిది ఎవడైనా రాసేస్తాడు. రేపు నువ్వే వచ్చి నాది కాదంటే నేనేం చెయ్యను?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనే నిలబడ్డ ఆమె తాత, ముద్రలాయన, కూడా కొంచెం నవ్వాడు. ఇటుకలన్న మాట ఆయనదే. ఇంట్లో ఏళ్ళ తరబడి ఆ పిల్ల రాతని ఆయన అలాగే వెక్కిరించాడు. అదే మాట ఆఫీసులో, అద్దం వెనక కూర్చున్న మనిషి నోట వినేసరికి తన మాటకి ముద్ర పడ్డట్టు అనిపించింది. నవ్విన సంగతి మనవరాలు చూసింది. చూసి మొహం తిప్పేసుకుంది.

ఆఫీసు గోడ వెంబడి పది బడ్డీలున్నాయి. ఆరోది ముద్రలాయనది. నలభై రెండేళ్ళుగా అందులో కూర్చుని రబ్బరు ముద్రలు చెక్కుతున్నాడు. ఇప్పుడు కళ్ళకి పొరలు కమ్మాయి. బడ్డీ లైసెన్సు కూతురి కూతురి పేరుకి మార్చాలి. చదువైపోయి రెండేళ్ళుగా కొట్టు నడిపేది ఆ పిల్లే. ఆ రోజు సోమవారం. శుక్రవారం ఆఖరు రోజు. ఆ సాయంత్రంలోగా కాగితం లోపలికి పోకపోతే బడ్డీ జాబితాలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది.

"పెద్దాయన సంతకం చూడు," అన్నాడు గుమాస్తా, అట్ట ఊడిన పాత ఫైలు తెరిచి. "అప్పుడెప్పుడో చేసింది ఇది. ఇందాక చేసింది ఇది. అచ్చు గుద్దినట్టుంది. గొలుసుకట్టు అంటే ఇదీ. మొదలెట్టిన చోటునుంచి చివరిదాకా కలం ఎత్తలేదు. తాత దగ్గరే కొట్లో కూర్చుంటావు కదా, నేర్చుకోలేదా?"

"మాకు బళ్ళో ఇలా నేర్పలేదండీ. పరీక్షలు కూడా కంప్యూటర్లోనే రాశాం."

"ఎంతదాకా చదివావు?"

"పదిహేనేళ్ళు చదివాను."

"పదిహేనేళ్ళు చదివి సంతకం రాదు." గుమాస్తా ఆ మాట ఆమెతో అనలేదు, వరుసలో ఉన్నవాళ్ళతో అన్నాడు. నీలం ఇంకు ప్యాడు మూత తీసి కిటికీ దగ్గరికి జరిపాడు. "పోనీ వేలిముద్ర వెయ్యి. అదీ చెల్లుతుంది. సంతకం రానివాళ్ళ కోసమేగా అది."

మనవరాలు చెయ్యి వెనక్కి లాక్కుంది. అలా లాక్కోవడం ముద్రలాయనకి నచ్చింది. కానీ ఆయన మాటల మనిషి కాదు. కొత్త దరఖాస్తు ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం, "కలిపి రాయడం ఎంతసేపు, నేను నేర్పుతాలే," అన్నాడు.

మనవరాలు అప్పటికే రెండు మెట్లు ముందు దిగిపోయింది.

*

బడ్డీలో ఇద్దరు కూర్చోవచ్చు, ముగ్గురు నిలబడలేరు. ఒక పక్క మనవరాలి కంప్యూటరు, దాని కింద చిన్న మిషను. పేరు టైపు చేసి ఒక మీట నొక్కితే అక్షరాలు తిరగబడతాయి, ఇంకో మీట నొక్కితే మిషను రబ్బరుని కాల్చి చెక్కేస్తుంది. రెండు నిమిషాలు. రెండో పక్క ముద్రలాయన బల్ల. బల్ల మీద గాజుపలక, అరిగిన రెండు బ్లేడు కత్తులు, సుద్దపొడి డబ్బా, నున్నగా తోమిన కొయ్య పిడులు. ఇప్పుడు చేత్తో చెక్కించుకునేవాళ్ళు నెలకొకరు కూడా రారు. అయినా పొద్దున్నే గాజుపలక తుడుస్తాడు.

మంగళవారం ఆ గాజుపలక మీదే తెల్లకాగితం పరిచాడు.

"కూర్చో. మణికట్టు బల్లకి ఆనించకు. భుజంలోంచి రావాలి."

"భుజంలోంచా? నేను రాసేది నాలుగక్షరాలు తాతయ్యా, గోడకి సున్నం కొట్టడం లేదు."

"మాట్లాడకు. రాయి. మొదటి అక్షరం తోకని రెండోదాని తలకట్టులోకి లాగు. అక్కడ ఎత్తకు. ఎత్తావు!"

"ఊపిరి ఆగిపోతోంది."

"ఊపిరి తీసుకో. కలం ఎత్తకు."

ఒక కాగితం నిండింది, తర్వాత ఇంకొకటి. ఆ పిల్ల వేళ్ళు కలాన్ని చాకులా పట్టుకున్నాయి. చూపుడువేలి కణుపు ఎర్రగా కందింది. రాసింది ఒకసారి వల విసిరినట్టు వచ్చింది, ఒకసారి చిక్కు పడ్డ దారంలా వచ్చింది, ఒక్కటీ ఇంకోదానిలా రాలేదు. చివరికి ముద్రలాయన తనే కలం తీసుకుని ఆమె పేరుని కలిపి రాసి చూపించాడు. మెల్లగా, గీత గీతకీ ఆలోచించి రాశాడు. నిమిషం పట్టింది.

మనవరాలు దాన్ని చాలాసేపు చూసింది.

"బాగుంది. కానీ ఇది నాది కాదు తాతయ్యా. నువ్వు గీసిన బొమ్మ."

"అలవాటైతే నీదే అవుతుంది."

"నీకలా అయిందా?"

ముద్రలాయన కాగితాలు సర్దాడు.

మధ్యాహ్నం ఆయన భార్య భోజనం డబ్బా తెచ్చింది. లోపల చోటు లేక గడప మీద కూర్చుని, బల్ల కింద పడ్డ కాగితాలు ఏరి చూసింది. ఆవిడకి చదువు లేదు.

"ఏమయ్యా, పిల్లచేత కోడిగీతలు గీయిస్తున్నావా?"

"సంతకం నేర్పుతున్నా."

"నాకు నేర్పుతానని పెళ్ళైన కొత్తలో నెల్లాళ్ళు చంపుకు తిన్నావు. నా బొటనవేలికి వచ్చిన లోటేమిటి? ఎక్కడికెళ్ళినా చెల్లుతోంది. మరచిపోయే పని లేదు, ఇంట్లో వదిలేసే పని లేదు." మనవరాలి వైపు తిరిగింది. "నువ్వూ వేసెయ్యవే."

"నేను వెయ్యను అమ్మమ్మా."

"ఏం, నా వేలంటే నామోషీయా?"

"నీ వేలంటే కాదు. నాకు రాయడం వచ్చు. రాదని ఒప్పుకోమంటున్నాడు ఆ గుమాస్తా."

ముసలావిడ నవ్వు ఆపింది. డబ్బా మూత తీస్తూ మొగుడి వైపు ఒకసారి చూసింది. "మీ తాత సంతకం చేసేటప్పుడు ఎప్పుడైనా చూశావా? ఎడమచెయ్యి అడ్డం పెట్టి, పక్కపిల్లాడు కాపీ కొడతాడని పలక దాచుకున్నట్టు దాచుకుంటాడు. ఇన్నేళ్ళయింది, నాకే చూపించడు. చూపిస్తే మాత్రం నాకు తెలిసేదేముంది!"

"చల్లారిపోతోంది, పెట్టు," అన్నాడు ముద్రలాయన.

*

గురువారం వాన పడింది. గిరాకీ లేదు. మనవరాలు రాసి రాసి విసిగి, బల్ల సొరుగులోంచి అట్టల పుస్తకం తీసింది. చెక్కిన ప్రతి ముద్రా గిరాకీ చేతికిచ్చే ముందు మొదటి అచ్చు ఆ పుస్తకంలో వెయ్యడం ముద్రలాయన అలవాటు. పిడి దించేముందు ప్యాడు మీద రెండుసార్లు మెల్లగా అద్ది, ఊపిరి బిగబట్టి, పుస్తకంలో ఒక్కటే అచ్చు. ఎందుకని ఎవరూ అడగలేదు. పాత పేజీల్లో నీలం ఇంకు ఊదారంగులోకి తిరిగింది.

సంతకం ముద్రలకి వేరే పేజీలున్నాయి. రోజుకి వందల కాగితాల మీద చెయ్యి పెట్టే పెద్దమనుషులు, చెయ్యి నొప్పెట్టి, తమ సంతకాన్ని రబ్బరులో చెక్కించుకునేవాళ్ళు. ఆ పేజీలు తిరగేస్తుంటే ముద్రలాయన తన పని ఆపి అటు వంగాడు. పొరలు కమ్మిన కళ్ళకి అంతా మసగ్గానే ఉంది, అయినా వేలు పెట్టి చెప్పగలడు.

"ఈయన హెడ్మాస్టరు. చివర్లో కొరడా ఝళిపించినట్టుండేది. పిల్లల్ని మాత్రం ఎన్నడూ కొట్టలేదు. ఇది డాక్టరుది. చూడు, పేరు మొదలవగానే అయిపోయింది, ఆయనకి తీరికెక్కడిది. ఇది దస్తావేజులు రాసే ఆయనది. ఈ గొలుసు చెక్కడానికి నాకు మూడు రోజులు పట్టింది. చీమ ఎక్కితే దిగడానికి దారి దొరకదు."

ఒక్క పేజీకి అన్ని మాటలు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. బయట రేకుల మీద వాన చప్పుడు. మనవరాలు వింటూ ఒకచోట వేలు ఆపింది.

"ఇదెవరు?"

ముద్రలాయన ఇంకా కిందికి వంగాడు. అయిదక్షరాలు. దేనికది, మధ్యలో చోటు వదిలి, బెంచీ మీద పిల్లలు కూర్చున్నట్టు.

"మంత్రసాని. ఆస్పత్రిలో పుట్టిన పిల్లల కాగితాల మీద ఆవిడ సంతకం ఉండాలి. మీ అమ్మ కాగితం మీద కూడా ఉంది."

"విడివిడిగా ఉంది."

"ఊఁ."

"చెల్లిందా?"

"మీ అమ్మ పుట్టిందిగా."

మనవరాలు నవ్వింది. సోమవారం తర్వాత మొదటిసారి. నవ్వు అయిపోయాక మెల్లగా అంది: "ఈవిడని ఎవరూ వెనక్కి పంపలేదన్నమాట. ఆ రోజు నన్ను పంపితే నువ్వు నవ్వావు."

ముద్రలాయన బ్లేడు కత్తి తీసుకుని దాని మొనని బొటనవేలి గోటి మీద గీకి చూశాడు. పదునుగానే ఉంది. మళ్ళీ గీకి చూశాడు.

*

శుక్రవారం వాళ్ళు కిటికీ ముందుకి వచ్చేసరికి మూడు దాటింది. ముద్రలాయన ముందు సంతకం చేశాడు. ఒళ్ళు కాగితం మీదికి వంచి, ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, ఒక్క విసురులో. గుమాస్తా ఫైలుతో పోల్చి తలాడించాడు.

"ఇప్పుడు నువ్వమ్మా. ఇక్కడ, తర్వాత రెండో పేజీలో ఇక్కడ."

మనవరాలు మణికట్టు ఎత్తి పట్టుకుంది. మొదటి పేజీలో నాలుగక్షరాలూ కలిసే వచ్చాయి. ముద్రలాయన ఊపిరి వదిలాడు. రెండో పేజీలో మూడో అక్షరం దగ్గర చెయ్యి తడబడింది. గీత తెగలేదు గానీ పక్కకి వాలింది.

గుమాస్తా రెండు పేజీలూ పక్కపక్కన పెట్టాడు. కళ్ళజోడు పైకి జరిపాడు.

"రెండూ ఒకటిలా లేవే?"

"నేనే చేశానండీ, మీ ముందే కదా."

"నా ముందు చేస్తే? కాగితానికి నేను తెలుసా? రేపు పైవాళ్ళు చూస్తే ఇద్దరు మనుషులు చేశారంటారు. చూడమ్మా, నాలుగున్నరకి ఈ కిటికీ మూసేస్తాను. నా మాట విని వేలు వెయ్యి. గొడవ వదిలిపోతుంది. బడ్డీ కావాలా, సంతకం కావాలా?"

ప్యాడు మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. అది ముద్రలాయన కొట్లో కొన్న ప్యాడే. గుడ్డ మార్చి ఇంకు పోసింది ఆయనే.

మనవరాలు గోడ గడియారం చూసింది. తర్వాత తాత మొహం చూసింది. కుడిచేతి బొటనవేలు బయటికి తీసింది. మూడు రోజులు కలం పట్టి కందిన చెయ్యి అది. వేలు ప్యాడు మీదికి వంగింది.

ముద్రలాయన ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు."

గుమాస్తా తలెత్తాడు.

"బాబూ," అన్నాడు ముద్రలాయన. "నా సంతకం మంచిదన్నారు గదా. ఆ కాగితం తిరగేసి వెలుతురుకి పెట్టి చూడండి."

"ఎందుకు?"

"చూడండి."

గుమాస్తా విసుగ్గానే కాగితాన్ని తిప్పి వెనక కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఎండ దాంట్లోంచి వచ్చింది. ఫారం మీది అచ్చు అక్షరాలన్నీ తిరగబడ్డాయి. సంతకం ఒక్కటే సరిగ్గా నిలబడింది. గుమాస్తా పెదాలు కదిలాయి. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని ముసలాయన పేరు చివరిదాకా చదివాడు. కాగితం దించాడు. ఫైల్లో పాతది తీసి అదీ ఎత్తి చూశాడు.

"ఇదేమిటయ్యా, అన్నీ తిరగేసి ఉన్నాయి?"

"మొదటిసారి ఈ కిటికీ దగ్గరికి వచ్చినరోజు పొద్దున్నుంచి ఆరు ముద్రలు చెక్కి వచ్చాను. రబ్బరు మీద అన్నీ తిరగేసే చెక్కాలి గదా. ఇక్కడ భయం. చెయ్యి దాని దారిన అది పోయింది. నేను చూసుకునేసరికి అయిపోయింది. అప్పటి గుమాస్తా గారు చూసి, భేష్, ఏం గొలుసుకట్టురా అన్నారు. నేను మూడో తరగతితో ఆపేసినవాణ్ణి బాబూ. నా రాతని అంతకుముందు ఎవరూ మెచ్చుకోలేదు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. మరుసటేడు ఫైల్లో ఉన్నదానితో సరిపోలాలన్నారు. అలాగే చేశాను. ఇన్నేళ్ళూ అంతే."

వరుసలో ఎవరూ నవ్వలేదు. మనవరాలి మణికట్టు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"అంటే ఇన్నేళ్ళూ తప్పు సంతకమా?" గుమాస్తా గొంతు పెరిగింది. "అయితే ఆ పిల్ల సంగతి తర్వాత, అసలు నీ లైసెన్సే చెల్లదు! మేడమ్! ఒకసారి ఇలా వస్తారా?"

బడ్డీ పోయిందనుకున్నాడు ముద్రలాయన. అయినా మణికట్టు వదల్లేదు.

లోపలి గదిలోంచి ఆఫీసరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో సగం తాగిన టీ. గుమాస్తా చెప్పిందంతా విని, కాగితాన్ని తనూ వెలుతురుకి పెట్టి చూసింది. పెదవి కొసన నవ్వు వచ్చి ఆగింది.

"ఈ పిల్లని ఎందుకు ఆపారు?"

"కలిపి రాయలేదు మేడమ్. సోమవారం అంతా విడివిడిగా రాసింది."

"కలిపి రాయాలని ఏ రూల్లో ఉంది?"

"రూలని కాదు మేడమ్. ముందునుంచీ అలవాటు."

"ముందునుంచీ ఈయన తిరగేసి చేస్తున్నారు. అదీ అలవాటే. ఇన్నేళ్ళూ పోల్చి చూసింది మనమే కదా, ఒక్కసారైనా చదివామా?" ఆవిడ టీ కప్పు ఫైలు మీద పెట్టింది. "పెద్దాయనా, ఇది మీ సంతకమేనా?"

"నాదేనమ్మా. తిరగబడ్డా నాదే."

"అమ్మాయ్, సోమవారం ఎలా రాశావో కొత్త ఫారం మీద అలాగే రాయి."

మనవరాలు కలం తీసుకుంది. మణికట్టుని హాయిగా బల్లకి ఆనించింది. నాలుగక్షరాలు, దేనికది. రెండో పేజీలో మళ్ళీ నాలుగు. ఆఫీసరమ్మ రెండూ చూసింది.

"వచ్చే ఏడూ ఇలాగే రాస్తావా?"

"ఇలాగే రాస్తానండీ. ఇంకోలా రాదు నాకు."

"అయితే ఇదే నీ సంతకం. మీరు గుద్దండి," అంది గుమాస్తాతో.

గుమాస్తా ముద్ర తీసి రెండు పేజీల మీదా గట్టిగా గుద్దాడు. కావలసినదానికంటే గట్టిగా. ఆ ముద్ర చెక్కిందీ ముద్రలాయనే. పిడి అంచున నొక్కు పడి ఉంది, మార్చాలి అనుకున్నాడు.

*

మర్నాడు పొద్దున మనవరాలు బడ్డీకి వచ్చేసరికి ముద్రలాయన అప్పటికే బల్ల ముందున్నాడు. గాజుపలక మీద రబ్బరు ముక్క. పలచటి కాగితం మీద ఆమె నాలుగక్షరాలు దింపి, తిరగేసి అంటించి, సుద్దపొడి చల్లి ఉంది.

"మిషన్లో రెండు నిమిషాలు తాతయ్యా. కళ్ళెందుకు పాడుచేసుకుంటావు?"

"ఇంక పాడవడానికేముంది? నువ్వు దీపం ఇటు వంచు."

ఆమె దీపం వంచి పట్టుకుంది. బ్లేడు రబ్బరులోకి దిగింది. గొలుసుకట్టు చెక్కేటప్పుడు కత్తి ఒకసారి దిగితే చివరిదాకా ఒకటే పరుగు. ఇక్కడ అలా కాదు. అక్షరం అక్షరానికీ ఆగాలి, ఎత్తాలి, మళ్ళీ దించాలి. అక్షరాలకంటే వాటి మధ్య ఖాళీలు తవ్వడమే ఎక్కువ పని అయింది. ఒక్కో ఖాళీనీ ఆయన వేలికొసతో తడిమి, ఊది, ఇంకొంచెం తవ్వాడు. మధ్యాహ్నం ముసలావిడ డబ్బా తెచ్చేసరికి పిడి అంటించడం కూడా అయింది.

"నీ సంతకం తలకిందులట గదా," అంది ఆవిడ గడప మీద కూర్చుంటూ. "ఊరంతా చెప్పుకుంటున్నారు."

"తలకిందులు కాదే. కుడిఎడమలు."

"ఏదైతేనేం. నా వేలు ఎటు తిప్పి వేసినా ఒకటే."

ముద్రలాయన అట్టల పుస్తకం తెరిచాడు. చివరి పేజీలో కాస్త చోటు మిగిలి ఉంది. ప్యాడు మీద రెండుసార్లు మెల్లగా అద్ది, ఊపిరి బిగబట్టి, ముద్ర దించాడు. ఎత్తాడు. నాలుగక్షరాలు నీలంగా, తడిగా, ఒకదానికొకటి ఎడంగా కూర్చున్నాయి.

"ఇక్కడ నువ్వూ చెయ్యి తాతయ్యా," అంది మనవరాలు దాని కింద వేలు పెట్టి. "చెక్కింది ఎవరో ఉండాలి కదా. తిన్నగా చెయ్యి. ఇంక ఫైల్లో పోల్చేవాళ్ళు లేరు."

ముద్రలాయన కలం తీసుకున్నాడు. అలవాటుగా ఎడమచెయ్యి అడ్డం వెళ్ళబోయింది. ఆపి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమనుంచి కుడికి మొదలెట్టాడు. మొదటి అక్షరం అయ్యాక రెండోదానికి ఎలా వెళ్ళాలో చేతికి తోచలేదు. ఎత్తాడు. మళ్ళీ దించాడు. నుదుట చెమట పట్టింది. చివరి అక్షరం అయ్యేసరికి కలం పక్కన పడేసి వెనక్కి వాలాడు.

మనవరాలు పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. పలక మీద దిద్దినట్టు లావుగా, వంకరగా, ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. కళ్ళజోడు పైకి జరుపుకుంటున్నట్టు ఉత్తి వేళ్ళు ముక్కు మీదికి పోనిచ్చి, పుస్తకాన్ని బల్ల మీదుగా వెనక్కి తోసింది.

"ఇది సంతకం కాదు తాతయ్యా," అంది. "పేరు రాశావు."